సిప్ప ఇప్పిన సెయ్యి

నౌపడ స్టేషన్లో దిగి, ఉప్పు మళ్ళ గట్టు పట్టుకుని సముద్రం వైపు అరగంట నడిస్తే ఒక చేపలోళ్ళ పేట వస్తుంది. ఆ పేటలో మేడ ఉన్న ఇళ్ళు నాలుగంటే నాలుగు. నాలుగో మేడ మీద సిమెంటు రేకుల గది హరిబాబుది. తలుపు మీద 'పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేయబడును' అని రాసి ఉంటుంది. మిక్సింగ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. పెళ్ళిలో తీసిన ఆరు గంటల సోదిని కత్తిరించి, అతికించి, పాటలు పెట్టి, పెళ్ళికూతురి తల మీద లేని పూలు రాల్చి, పెన్‌డ్రైవ్‌లో పోసి ఇవ్వడం. ఏప్రిల్ వచ్చిందంటే ఆ గదిలో అప్పడాలకి నూనె అక్కర్లేదు, నేల మీద పరిస్తే వేగిపోతాయి. మనిషి ఎలాగో చెమట కక్కుకుని బతుకుతాడు. కంప్యూటర్‌కి చెమట పట్టదు కదా, అది పని మధ్యలో టప్పున ఆగిపోయేది.

ఆ కంప్యూటర్ పెళ్ళిళ్ళ కోసమే అయి ఉంటే ఈ కథ చెప్పుకోవలసిన పని లేదు. అందులో గౌరి ఉంది.

గౌరి హరిబాబు చెల్లెలు. ఇరవయ్యారేళ్ళకి రెండు కిడ్నీలూ పోయేయి. మా వైపు ఇదేం వింత కాదు, ఏ వీధికి వెళ్ళి అడిగినా ఒక పేరు చెప్తారు. వారానికి మూడు రోజులు పలాస వెళ్ళి రక్తం కడిగించుకుని వచ్చేది. మిగతా రోజుల్లో అన్న పక్కన కూచుని మిక్సింగ్ చేసేది. నిజం చెప్పాలంటే అన్నకన్నా బాగా చేసేది. కంప్యూటర్ లోపల పాత చిప్ తీసి కొత్త చిప్ పెట్టిందీ అదే, దానికి కొత్త విండోస్ ఎక్కించిందీ అదే. కిటికీ దగ్గర మైకు దాచి, తల్లి గున్నమ్మ వచ్చి తిట్టినప్పుడల్లా రికార్డు చేసిందీ అదే. 'అమ్మ తిట్లు' అని ఒక ఫోల్డరు పెట్టి, అరవై మూడు ఫైళ్ళు నింపి, ఒక మాఘమాసంలో పోయింది.

కర్మ అయిన పదో రోజుకి ఆ ఫోల్డరు హరిబాబు కంట పడింది. గున్నమ్మ అప్పటికి మంచం దిగడం లేదు, మెతుకు ముట్టడం లేదు. వాడు ఆమెని రెక్క పట్టి మేడ మీదకి లాక్కొచ్చి, ఒక ఫైలు నొక్కేడు.

"ఉప్పునేని కూర కుక్క కూడా ముట్టదే!" అని గున్నమ్మ గొంతు.

"అయితే కుక్కకన్నా నానే గొప్పదాన్నమ్మా. నాను ముడతన్నాను, సూడు," అని గౌరి. తరవాత నవ్వు. "నౌపడ ఉప్పు దేశమంతా తింటాది. నౌపడ గుంటకి మాత్తరం చిటికెడు నేదు. ఏటి నా ఖర్మ!"

గున్నమ్మ స్పీకరు వైపు నోరు తెరుచుకుని చూసింది. తరవాత, "నోరుముయ్యే, డాట్రు సెప్పినాడు గదా," అని దానికి జవాబిచ్చింది. ఆ రోజు అన్నం తింది.

అప్పట్నించి అదొక అలవాటైపోయింది. తెల్లారి రేవుకెళ్ళి, చేప గంప నెత్తినెత్తుకుని ఊళ్ళు తిరిగి, సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా మేడ మెట్లెక్కేది. "ఈయాల ఏదిరా?" అనేది. వాడొకటి వేసేవాడు. ఆమె కూతురితో పోట్లాడేది, నవ్వేది, ఒక్కోసారి పైట నోట్లో కుక్కుకునేది. మొగుడు గంగులు ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ బోట్ల మీదే ఉంటాడు. ఆ ఇంట్లో ఆమెకి ఆ అరవై మూడు ఫైళ్ళే తోడు.

ఆ అరవై మూడూ ఇంకెక్కడా లేవు. కాపీ పెట్టుకోరా అని టెక్కలిలో కంప్యూటర్ షాపు నడిపే ధనరాజు, హరిబాబుతో పదో తరగతి చదివినవాడు, నెలకోసారి చెప్పేవాడు. పెడతాను బావా, అనేవాడు వీడు. కొన్న పెన్‌డ్రైవ్ కొన్నట్టే పెళ్ళివాళ్ళకి వెళ్ళిపోయేది. ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళన్నీ భద్రం, సొంత చెల్లెలి గొంతుకి దిక్కులేదు. ఏమనాలి ఇలాంటివాణ్ణి?

ఏడాది తిరిగి వచ్చిన ఏప్రిల్లో గజపతినగరం నుంచి పెద్ద పెళ్ళి పని వచ్చింది. మూడు కెమెరాలు, డ్రోను, హల్దీ దగ్గర్నుంచి అప్పగింతల దాకా. వారంలో ఇవ్వాలి. హరిబాబు కంప్యూటర్ వేగం పెంచేడు. ఓవర్‌క్లాక్ అంటారు దాన్ని. రోజుకి ఎకరం దున్నే ఎద్దు చేత ఎకరంన్నర దున్నించడం. ఎద్దయితే నురగ కక్కుతుంది, చిప్ అయితే కాలిపోతుంది. తొంభై, తొంభై అయిదు డిగ్రీలు చూపించి, ఆగిపోయేది. ఫ్యాను తుడిచేడు, పక్క రేకు విప్పేడు, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టేడు. ఊహూఁ.

ఒక సాయంత్రం గున్నమ్మ వింటూ ఉండగానే ఆగిపోయింది. గౌరి "అమ్మా, నాను పోతే నువ్వు ఎవుల్ని..." అని నవ్వబోతూ ఉంది. తెర నల్లబడిపోయింది.

"గుంట మాట మజ్జిలో తెగిపోనాదిరా," అంది గున్నమ్మ. అంతే అంది, అరవలేదు. ఆమె అరిచి ఉంటే వాడికి అంత గుచ్చుకునేది కాదు.

వాడు ఫోన్లో వీడియోలు వెతికేడు. ప్రాసెసర్ చిప్ మీద ఒక లోహపు మూత ఉంటుంది. అసలు పనిచేసేది ఆ మూత కింద, బొటనవేలి గోరంత ముక్క. ముక్కకీ మూతకీ మధ్య పేస్టు రాస్తారు. కొన్నాళ్ళకి అది ఎండి పెళుసెక్కిపోతుంది, వేడి పైకి రాదు. మూత చుట్టూ ఉన్న జిగురు బ్లేడుతో కోసి, మూత తీసి, ఎండిన పేస్టు గోకి, ద్రవలోహం అనే వెండిరంగు మందు రాసి మళ్ళీ మూసేస్తే పదిహేను, ఇరవై డిగ్రీలు తగ్గిపోతుంది. వీడియోలో ఎవడో తెల్లటి చేతొడుగులు వేసుకుని, ఈల వేసుకుంటూ, అరటిపండు తొక్క తీసినట్టు తీసేసేడు.

"బావా, అది చేసినోడు చేసినాడు గానీ, నువ్వు మూత జోలికి ఎల్లకు," అన్నాడు ధనరాజు ఫోన్లో. "స్పీడు తగ్గించుకో. పెళ్ళోళ్ళకి నాలుగు రోజులు ఆగమను."

"గజపతినగరమోళ్ళు ఆగుతారు. మాయమ్మ ఆగదు బావా."

"అయితే ముందు ఆ గొంతులు కాపీ తీ."

"డిస్కు వేరు, చిప్ వేరు గదా. పోతే చిప్పే పోతాది. డిస్కుకేటవుతాది?"

ఆ మాట మీకూ నాకూ సబబుగానే కనపడుతుంది. ధనరాజుకి కూడా ఆ క్షణాన సబబుగానే కనపడింది.

వెండిరంగు మందు సన్నటి సిరంజిలో వచ్చింది. వచ్చిన మర్నాడు ఆదివారం పొద్దున్నే హరిబాబు చిప్ ఊడదీసి, దాని నెత్తిన ఫ్యాను కింద రాసిన పేస్టు గుడ్డతో తుడిచి, కిటికీ దగ్గర బల్ల మీద పెట్టుకున్నాడు. అటక మీదున్న చిప్ పెట్టె దింపి నంబరు చూసుకున్నాడు. రెండుతో మొదలయ్యే నంబరు. వీడియోలో ఉన్నదీ అదే. ఇంకేం, బాగానే ఉందనుకున్నాడు. గౌరి చిప్ మార్చిందన్న సంగతి వాడికి తెలుసు, పెట్టె పాతదన్న సంగతి మాత్రం తట్టలేదు. చిప్ నెత్తి మీద అచ్చుగుద్దిన నంబరు వాడి ముక్కు కిందే ఉంది. తుడిచినప్పుడు కూడా దాన్ని చదవలేదు.

సగం బ్లేడు పట్టుకుని ఒక వైపు జిగురు కోసేడు. రెండో వైపు సగం కోసేడు. మూత కింద ఆకుపచ్చ పలక ఉంటుంది, దాని మీద బ్లేడు గీత పడితే అయిపోయినట్టే. ఒక గీత పడీ పడనట్టు పడింది కూడా. వాడు బ్లేడు కింద పెట్టి, అరచేతులు లుంగీకి తుడుచుకుని, మళ్ళీ తీసుకుని, మళ్ళీ పెట్టేడు.

అప్పుడొచ్చింది గున్నమ్మ. ఆదివారం ఉప్పుటేటికి వెళ్ళి ఆలిచిప్పలు ఏరి తెస్తుంది, వాటిని విప్పి లోపలి మాంసం అమ్ముతుంది. తడి బుట్ట మెట్ల దగ్గర దించి, కొడుకు ముఖం చూసి పైకొచ్చింది.

"ఏట్రా అలగ సెమటోడతన్నావు? ఏటది?"

"చిప్పే."

"సిప్పా?"

"సిప్ప కాదమ్మా, చిప్పు. కంప్యూటర్ది. మూత ఇప్పాలి."

"అదే, సిప్ప. మూతున్నాదంటన్నావు, లోపల మెత్తటిదున్నాదంటన్నావు, సిప్ప కాకపోతే ఏటి?" గున్నమ్మ వంగి చూసింది. "ఓలమ్మ, సుట్టూ అలగ గీకీసినావేటిరా? సేపలోడి కడుపున పుట్టి బ్లేడు పట్టుకోడం రాదు. ఇటు తే."

హరిబాబు నవ్వేడు. వారం రోజుల్లో మొదటిసారి నవ్వు వచ్చింది వాడికి. ఇవ్వొచ్చా అని ఒక్క క్షణం ఆలోచించేడు. ఆమె చేతుల సంగతి పేటంతా ఎరుగుదురు. వారానికి రెండు బుట్టల ఆలిచిప్పలు, నలభై ఏళ్ళు, లోపలి మాంసం ఎప్పుడూ చిరగలేదు. వాడి చేతులకన్నా ఆ చేతులు లక్ష రెట్లు నయం. "పలక్కి తగలకూడదు. జిగురు మట్టుకే," అని ఇచ్చేడు.

ఆమె కిటికీ వెలుగులోకి జరిగి, చిప్‌ని ఎడమ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలబెట్టి పట్టుకుంది. బ్లేడు మూలలోంచి దూర్చి, ఊపిరి బిగబట్టి, వెంట్రుకంత వెంట్రుకంత జరిపింది. నాలుగు వైపులూ నాలుగు నిమిషాలు పట్టలేదు. ఒక్క గీత పడలేదు. చూస్తున్న వాడికి ఒళ్ళు పులకరించింది. తల్లి చేసే పనిని బడికెళ్ళే రోజుల్లో చిన్నతనంగా అనుకునేవాడు, ఇప్పుడు సిగ్గేసింది.

"అయిపోనాది," అంది ఆమె. కానీ మూత రాలేదు.

వీడియోలో జిగురు తెగ్గానే మూత దానంతటదే లేచి వచ్చింది. ఇది కదలలేదు. గున్నమ్మ గోటితో ఎత్తి చూసింది. "కండ పట్టుకున్నాదిరా. సిప్పకీ ఇంతే, సుట్టూ కోసినా లోపల కండ ఒగ్గదు. మెలి తిప్పితే వస్తాది. తిప్పీమంటావా?"

ఇదిగో, ఇక్కడ ఆగాలి. హరిబాబుకి తెలుసు. ఆ వీడియో కింద ఎవడో రాసిన ముక్క వాడు రెండుసార్లు చదివేడు. కొన్ని చిప్‌లలో పేస్టు ఉండదు, ముక్కనీ మూతనీ కరిగించిన లోహంతో అతికించేస్తారు, జిగురు కోసినా మూత కదలకపోతే ఆపెయ్యి, తిప్పేవంటే ముక్క విరిగిపోతుంది, అని. ఆ ముక్క వాడికి ఆ క్షణాన గుర్తొచ్చింది కూడా. గుర్తొచ్చి, నాది ఆ రకం కాదులే అనుకున్నాడు. ఇంత చక్కగా కోసిన చెయ్యి తప్పు చేస్తుందా అనుకున్నాడు. ఇంత దాకా వచ్చి ఏం ఆగుతాం అనుకున్నాడు. మనిషి తప్పు చేసే ముందు మనసు ఎన్ని సాకులు చెప్తుందో అన్నీ చెప్పింది.

"తిప్పమ్మా," అన్నాడు.

ఆమె మణికట్టు కొంచెం తిప్పింది, అంతే. పుటుక్కుమంది.

"వచ్చీసినాది!" గున్నమ్మ మూత వెల్లకిలా తిప్పి చూపించింది. "మాంసం మూతకి అంటుకుపోనాది గానీ, పరవానేదు, గోకీసుకో."

మూత లోపల నల్లటి అద్దంలాంటి ముక్క సగం అతుక్కుని ఉంది. మిగతా సగం ఆకుపచ్చ పలక మీద పెచ్చులుగా మిగిలింది. హరిబాబు మూత చేతిలోకి తీసుకుని పైవైపు తిప్పేడు. అప్పుడు చదివేడు దాని మీద నంబరు. మూడుతో మొదలైంది. మూడుతో మొదలయ్యే వాటిలో లోహం పోసి అతికిస్తారు.

"ఏట్రా, బాగా ఇప్పినానా?"

"బాగా ఇప్పినావమ్మా," అన్నాడు.

ఆమె సంబరంగా కిందకి దిగి ఆలిచిప్పల ముందు కూచుంది. కూనిరాగం తీస్తూ విప్పుకుంటూ ఉంటే ఆ చప్పుడు పైకి వినపడుతూనే ఉంది. వాడు బల్ల ముందు కూచుని, చిప్పే కదా, చిప్పే కదా, అని వందసార్లు అనుకున్నాడు.

రెండు రోజుల తరవాత టెక్కలి వెళ్ళి ధనరాజు దగ్గర అదే నంబరున్న పాత చిప్ ఒకటి సంపాదించి తెచ్చేడు. ధనరాజు విరిగిన ముక్క చూసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు. సాయంత్రం చిప్ బిగించి స్విచ్ వేసేడు. తెర మీద ఇంగ్లీషులో ఏదో వచ్చింది, కొత్త చిప్ కనపడింది, పాత తాళాలు చెరిపెయ్యమంటావా అని. ఎవరు చదువుతారు అవన్నీ? అవును అని నొక్కేడు. ఒక నీలం తెర వచ్చింది. డిస్కు తాళం వేసి ఉంది, నలభై ఎనిమిది అంకెల తాళంచెవి కొట్టు, అంది.

వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు. "బాగయినాదా? ఈయాల ఏదిరా?"

"ఇంకా అవలేదమ్మా. రేపు."

"నిన్నా రేపే అన్నావు," అని ఆమె తెర వంక చూసి, ఏమీ తెలియక, దిగిపోయింది.

ధనరాజుకి ఫోన్ చేసి తెర మీదున్నది చదివి వినిపించేడు.

"బావా, గౌరి కొత్త విండోస్ ఎక్కించింది సూడు. అది డిస్కుకి దానంతటదే తాళం వేసీస్తాది. ఆ తాళంసెవి చిప్పులోపల దాసుకుంటాది. నువ్వు రోజూ స్విచ్ వేస్తే తాళం తీసింది ఆ చిప్పే. నీకూ తెల్దు, నాకూ తోచలేదు. ఆ చిప్పు ఇప్పుడు రెండు ముక్కలు."

"అంటే?"

"అంటే గౌరి గొంతు డిస్కులోనే ఉన్నాది. తీసే సెవి నేదు."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. చివరికి ధనరాజే చెప్పేడు, ఇంకొక్క దారి ఉందని. విండోస్ ఎక్కించేటప్పుడు గౌరి తన ఫోన్ నంబరుతో ఒక ఖాతా తెరిచి ఉంటుంది, తాళంచెవి నకలు ఆ ఖాతాలో ఉంటుంది. ఆ నంబరుకి ఓటీపీ వస్తుంది, అది కొడితే తలుపు తెరుచుకుంటుంది.

గౌరి పోయేక ఆ సిమ్‌కి రీఛార్జ్ ఎవరు చేస్తారు? మూడు నెలలకి అది చచ్చిపోయింది. చచ్చిన నంబర్లు ఊరికే ఉండవు, కంపెనీవాళ్ళు ఇంకొకరికి ఇచ్చేస్తారు. హరిబాబు తన ఫోన్లో ఇంకా 'గౌరి' అనే ఉన్న ఆ పేరు నొక్కేడు. మోగింది.

ఎవరో ఆడమనిషి, ఒరియాలో మాట్లాడింది. పర్లాకిమిడి దాటి ఏదో ఊరు. వాడికి ఒరియా రాదు, ఆమెకి తెలుగు అంతంత. ఇద్దరికీ వచ్చిన మాట ఒక్కటే, ఓటీపీ. ఆ మాట వినగానే ఆమె "కొహిబి నాహి!" అని ఫోన్ పెట్టేసింది. చెప్పనంటే చెప్పను. తప్పు పట్టగలమా? ఓటీపీ అడిగినవాడు దొంగ అని దేశమంతా చెప్పి చెప్పి నేర్పించేరు. రెండోసారి చేస్తే ఆమె మొగుడు ఎత్తి, పోలీసులంటూ బూతులు తిట్టేడు. మర్నాడు సాయంత్రం మూడోసారి చేసి హరిబాబు ఏడ్చేడు. "అమ్మా, అది మా చెల్లెలి నంబరమ్మా, మా గౌరిది, అది చచ్చిపోయిందమ్మా," అని తెలుగులోనే మొత్తుకున్నాడు. అవతల కట్.

తలెత్తేసరికి గుమ్మంలో గున్నమ్మ ఉంది. నెత్తి మీంచి గంప ఇంకా దించలేదు.

"గౌరి నంబరంటన్నావు. ఎవులితోట్రా?"

ఇంక దాచలేకపోయేడు. డిస్కు తాళం, చిప్పులో చెవి, నంబరు, ఒరియా మనిషి, అన్నీ చెప్పేడు. ఒక్కటి తప్ప. ఆమె అంతా విని, "చిప్పులో సెవి ఉన్నాదన్నావు. నాను ఇప్పిన సిప్పేనా?" అంది.

వాడు తల దించుకున్నాడు. ఆమె గంప దించింది.

"ఫోను కలుపు. నాకియ్యి."

గున్నమ్మకి ఒరియా వచ్చు. పాతపట్నం మీదుగా పర్లాకిమిడి సంతకి ఎండుచేపలు మోసి మోసి నేర్చుకున్న ఒరియా. అక్షరం ముక్క రాదు గానీ బేరమాడగలదు, తిట్టగలదు, ఏడవగలదు. అవతల ఎత్తగానే, "మో ఝియ మొరిగొలా," అంది. నా కూతురు చచ్చిపోయింది, అని. ఓటీపీ మాటే ఎత్తలేదు. కూతురికి ఎన్నేళ్ళో చెప్పింది, కిడ్నీల సంగతి చెప్పింది, ఉప్పులేని కూర సంగతి చెప్పింది. నడుమ నడుమ ఆగి విన్నది. అవతలామె ఏదో అడుగుతోంది, ఈమె జవాబు చెప్తోంది. అలా ఎంతసేపో. మొగుడి గొంతు వెనక వినపడింది, ఆమె అతన్ని కసిరినట్టూ వినపడింది. గున్నమ్మ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "పంపుతాదట. నువ్వు నొక్కు," అంది.

హరిబాబు పక్కింటివాళ్ళ ఫోన్ అడిగి తెచ్చి, అందులో గౌరి నంబరు కొట్టి, కోడ్ పంపమన్నాడు. ఒక నిమిషం. గున్నమ్మ చెవికి ఫోన్ ఆనించుకుని సంతలో లెక్క చెప్పినట్టు ఒక్కో అంకె పైకి అంది. "చారి. సాతొ. దుయి. దుయి. నొఅ. పాంచొ." అని, వాడి కోసం మళ్ళీ తెలుగులో, "నాలుగు, ఏడు, రెండు, రెండు, తొమ్మిది, అయిదు."

తలుపు తెరుచుకుంది. దేవుడా, అన్నాడు వాడు పైకే. ఖాతా తెరుచుకుంది. పైన పేరు చూసేడు. దీపక్ అని ఉంది.

"దీపక్ ఎవుడో అడుగమ్మా."

అడిగింది. ఆమె కొడుకట, పదో తరగతి. పాతపట్నంలో ఈ సిమ్ కొన్న కొత్తలో ఫోన్లో ఖాతా తెరిచేడు. ఈ నంబరు ఎవరిదో పాత ఖాతాలో ఉంది, దాంట్లోంచి తీసెయ్యమంటావా అని అడిగితే, తీసెయ్యమన్నాడట. పసివాడు, వాడికేం తెలుసు? అలా గౌరి ఖాతాకి ఇప్పుడు నంబరు లేదు. తాళంచెవి అందులోనే ఉంది, అందులోకి వెళ్ళే దారే లేదు. అవతలామె తనే తప్పు చేసినట్టు ఏడుస్తోంది. గున్నమ్మ ఆమెని ఓదార్చి, నీ కొడుకు సల్లగుండాలమ్మా అని ఒరియాలో దీవించి, ఫోన్ కొడుకు చేతిలో పెట్టింది.

"ఇంక నేదేటి?"

"ఇంక లేదమ్మా."

గున్నమ్మ గచ్చు మీద చతికిలపడింది. రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని వాటి వంకే చూసుకుంది. గాట్లు, ఉప్పుకి పగిలిన గీతలు, చేప పొలుసు ఒకటి అంటుకుని ఉంది.

"గుంట ఆస్పత్రిలో పోనాది," అంది. "అది నా సేతిలో నేదు. దేముడి సేతిలో ఉన్నాదనుకున్నాను, ఊరుకున్నాను. ఇది నా సేతిలోనే ఉన్నాది గదరా. ఈ సేత్తోనే తిప్పినాను గదా."

హరిబాబు లేచి కంప్యూటర్ స్విచ్ కట్టేసేడు.

"ఒక మాట అడుగుతాను, నిజం సెప్పు. మూత కదల్నేదు. తిప్పీమంటావా అని నిన్నడిగినాను. తిప్పితే ఇరిగిపోతాదని నీకు తెలుసేటి?"

తెలీదమ్మా అంటే ఎంత సుళువు! ఆమె నమ్మేది. కొడుకుని ఒక్క మాట అనేది కాదు. ఇద్దరం తెలియని మూఢులం, మన రాత అలా ఉంది అనుకుని, రేపట్నించి ఆలిచిప్ప విప్పినప్పుడల్లా తన చేతుల్ని తనే తిట్టుకుంటూ బతికేది. హరిబాబు ఆ చేతుల వంక చూసేడు.

"తెలుసమ్మా," అన్నాడు. "మూత రాకపోతే ఆపీమని చదివేను. తెలిసే తిప్పమన్నాను."

ఆమె తలెత్తి వాడి ముఖంలోకి చూసింది. తరవాత ఒక్కసారిగా, కూతురు పోయిన నాడు కూడా ఏడవనంత పెద్దగా ఏడ్చింది. "అయితే నా సేతులు కావు," అంది. "ఓలమ్మో, నా సేతులు కావు." వాడితో కాదు, ఆ చేతులతోనే అంది. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, గోడ పట్టుకుని లేచి, గంప తీసుకుని కిందకి దిగిపోయింది.

మర్నాడు రేవుకి వెళ్ళింది, చేపలమ్మింది, పొద్దు వాలుతుండగా వచ్చింది. హరిబాబు మేడ మీద కూచుని చెవులు రిక్కించేడు. మెట్ల మీద అడుగు పడలేదు. కింద పంపు దగ్గర కాళ్ళు కడుక్కున్న చప్పుడు, పొయ్యి అంటించిన చప్పుడు, కొంతసేపటికి పళ్ళెం గచ్చు మీద పెట్టిన చప్పుడు. వాడు లేచి, దిగి వచ్చేడు. మొదటి మెట్టు దగ్గర పళ్ళెంలో అన్నం, చేపల పులుసు, మీద మూత. గున్నమ్మ అటు తిరిగి పడుకుని ఉంది. ఆ రోజూ, ఆ తరవాత రోజూ, అన్నం పెట్టింది. పిలవలేదు.